బ్యాటరీ షెడ్డులో పనిచేసే బావగారికి షుగర్, స్టెంట్. ఇప్పుడు రక్తంలో సీసం ఎక్కువుందంటున్నారు. గుండెకూ దీనికీ సంబంధం ఉందా?

కృష్ణలంక_రవి
అందరికీ నమస్కారం. మా అక్క భర్త ఆటోనగర్‌లో పాత బ్యాటరీలు విప్పి బాగుచేసే షెడ్డులో పని చేస్తారు. వయసు 51. షుగర్ వచ్చి చాలా ఏళ్లయింది. బరువు 96 కిలోలు, అంతా పొట్టలోనే ఉంది. సిగరెట్ లేదు, మందు లేదు. పోయిన ఏడాది గుండెపోటు వచ్చి స్టెంట్ వేశారు. మందులు సక్రమంగా వేసుకుంటున్నా బీపీ మాత్రం దిగట్లేదు. ఈమధ్య కొత్తగా చూపించుకున్న ఫిజీషియన్ గారు "మీరేం పని చేస్తారు?" అని అడిగారట. ఇన్నేళ్లలో ఆ మాట అడిగిన డాక్టర్ ఆయనొక్కరే. బ్యాటరీ పని అనగానే సీసం పరీక్ష రాశారు. డెసిలీటరుకు 22 మైక్రోగ్రాములు వచ్చింది.

ఇది తెలిసిన దగ్గర్నుంచి ఇంట్లో అందరికీ టెన్షన్. ఒక క్లినిక్ వాళ్లేమో కీలేషన్ డ్రిప్పులు (లోహాలను పట్టుకుని మూత్రంలో బయటికి పంపే మందు) పెడతాం, ఒంట్లో లోహాలతో పాటు రక్తనాళాల్లో పూడికలు కూడా పోతాయి, ఇక స్టెంట్ల అవసరమే రాదు అంటున్నారు. ఖర్చు లక్షల్లో చెప్పారు. అక్క గాజులు తాకట్టు పెట్టడానికి సిద్ధంగా ఉంది. ఆ పని చేసేలోపు తెలిసినవాళ్లు ఎవరైనా నిజం చెప్పండి.

గుంటూరు_ఫార్మసిస్ట్
రవి గారూ, ముందు గాజులు ఆపించండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

సంబంధం ఉందా అంటే ఉంది. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ ఈ మూడూ గుండెజబ్బుకు కారణాల జాబితాలో చేరాల్సినవేనని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2023లో ఒక ప్రకటనే ఇచ్చింది. అంతకుముందు 2018లో బీఎంజే అనే వైద్య పత్రికలో 37 పరిశీలనలను కలిపి లెక్కగట్టారు. మూడున్నర లక్షల మంది వివరాలవి. సీసం తక్కువున్నవాళ్లతో పోలిస్తే ఎక్కువున్నవాళ్లలో గుండె, రక్తనాళాల జబ్బులు సుమారు 43 శాతం ఎక్కువ. కాడ్మియంకు 33, ఆర్సెనిక్‌కు 30 శాతం. మనం షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ మూడు కాగితాలు చూసుకుని ఊరుకుంటున్నాం. ఈ నాలుగో కాగితం ఎవరూ అడగరు.

లెక్కల_మాస్టారు
నాదొక సందేహం. బ్యాటరీ షెడ్డులో పనిచేసేవాళ్లు ఎక్కువగా కష్టజీవులు. నిద్ర తక్కువ, తిండి వేళకుండదు, చాలామందికి బీడీ అలవాటు. గుండెపోటు వీటివల్ల వచ్చిందా, సీసం వల్లా అని ఎలా విడదీస్తారు? రెండూ కలిసి కనబడినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం అనేయలేం. పైగా ఈయనకి షుగర్, ఊబకాయం ఉన్నాయి. గుండెపోటుకి అవి చాలవా? ఉన్న కారణాన్ని వదిలేసి లేనిదాని వెంట పడితే నష్టం రోగికే.

రిటైర్డ్_ఫిజీషియన్
మాస్టారూ, మీ సందేహం సరైనదే. జవాబు కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

పెద్ద అధ్యయనాల్లో పొగతాగడం, వయసు, ఆదాయం, బరువు వంటివాటిని లెక్కలోంచి తీసేసి చూసినా సంబంధం మిగులుతోంది. అది ఒకటి. సీసం బీపీ పెంచుతుందన్నది జంతువుల్లో, మనుషుల్లో కూడా చాలాకాలంగా తెలిసిన విషయం. అది రెండోది. ఎలా పెంచుతుందో కూడా తెలుసు. రక్తనాళం లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేస్తేనే నాళం సడలుతుంది. సీసం దాన్ని దెబ్బతీస్తుంది. నాళం బిగుసుకుపోతుంది. కిడ్నీల మీద కూడా పనిచేసి ఉప్పు, నీరు నిలవబెట్టే వ్యవస్థను రెచ్చగొడుతుంది. మందులు వేసుకున్నా బీపీ దిగట్లేదని రవి గారు రాశారు చూడండి, అలాంటిచోట ఏం పని చేస్తారని అడగడం ప్రతి డాక్టరూ చేయాల్సిన పని.

ఇక షుగర్ ఉన్నవాళ్ల సంగతి. చక్కెర ఎక్కువగా ఉన్న రక్తంలో ఆ లోపలి పొర అప్పటికే దెబ్బతిని ఉంటుంది. ఊబకాయంలో, ముఖ్యంగా పొట్ట చుట్టూ చేరిన కొవ్వులో, సన్నగా ఒక వాపు ఎప్పుడూ రగులుతూనే ఉంటుంది. ఇన్సులిన్ సరిగా పనిచేయదు. లోహాలు వచ్చి సరిగ్గా ఆ చోటనే, అదే పద్ధతిలో దెబ్బకొడతాయి. కణంలో గ్లూటాథియోన్ అనే రక్షణ పదార్థం ఉంటుంది. షుగర్ దాన్ని ఖర్చు చేస్తుంది, లోహాలూ దాన్నే ఖర్చు చేస్తాయి. పైగా లోహాలను బయటికి పంపాల్సింది కిడ్నీ. షుగర్ ముందు కొట్టేది ఆ కిడ్నీనే. కిడ్నీ మందగిస్తే లోహం నిలవ ఉంటుంది, నిలవున్న లోహం కిడ్నీని ఇంకా పాడుచేస్తుంది. కాడ్మియం అయితే కిడ్నీలోనే కాపురం పెడుతుంది. ఒకసారి చేరితే సగం పోవడానికి పది నుంచి ముప్పై ఏళ్లు పడుతుంది.

కాబట్టి మీరన్నట్టు షుగరా, సీసమా అని తేల్చనక్కర్లేదు. షుగర్ మొదటి ముద్దాయి, అందులో సందేహం లేదు. సీసం దానికి తోడుదొంగ.

తెనాలి_సుజాత
డాక్టర్ గారూ, ఆర్సెనిక్ వల్ల షుగరే వస్తుందంటారు కదా, అది నిజమా? మా బావి నీళ్లు పరీక్ష చేయించాలా?

రిటైర్డ్_ఫిజీషియన్
సుజాత గారూ, ఆర్సెనిక్ ఎక్కువున్న నీళ్లు ఏళ్ల తరబడి తాగినవాళ్లలో టైప్-2 షుగర్ ఎక్కువగా కనబడింది. క్లోమగ్రంథిలో ఇన్సులిన్ తయారయ్యే కణాల మీద దాని ప్రభావం ఉంది. తైవాన్‌లో లోతు బావుల నీళ్లు తాగినవాళ్లకి కాలివేళ్లు నల్లబడి కుళ్లిపోయే జబ్బు వచ్చేది, కాళ్ల రక్తనాళాలు మూసుకుపోవడం వల్ల. మన దేశంలో ఆర్సెనిక్ నీళ్ల సమస్య బెంగాల్, బీహార్ వైపు గంగ ఒడ్డున ఎక్కువ. తాగునీటిలో ప్రమాణం లీటరుకు 0.01 మిల్లీగ్రాము, సీసానికీ అంతే. కాడ్మియంకు 0.003. బోరు నీళ్లు తాగుతుంటే ఒకసారి ల్యాబ్‌లో చూపించుకోవడం మంచిదే, కంగారు మాత్రం వద్దు.

ఆటోనగర్_పెయింటర్
రవన్నా, నేను అక్కడే లారీ బాడీలకి రంగులేసే షెడ్డులో ఉన్నా. మీ బావగారి పని నాకు తెలుసు. పాత బ్యాటరీ మూత కోసి, ఆసిడ్ ఒంపేసి, ప్లేట్లు లాగి పక్కన పడేస్తారు. ఆ ప్లేట్లకి అంటుకున్న బూడిద రంగు ముద్ద ఎండితే పొడి అవుతుంది. అసలు ప్రమాదం ఆ పొడిలోనే ఉంది. సాయంత్రం చీపురు పట్టి ఊడ్చేటప్పుడు ఎండలో తళతళా మెరుస్తూ లేస్తుంది. పక్కనే స్టవ్ మీద సీసం కరిగించి పోస్తుంటారు. ఆ షెడ్డులోనే క్యారేజీ విప్పుకుని తింటారు. చెయ్యి కడుక్కుంటారు గానీ సబ్బు ఉండదు, డ్రమ్ములో నీళ్లలో ఒకసారి ముంచి తీస్తారంతే. మూతికి కర్చీఫ్ కట్టుకుంటే సరిపోతుందనుకుంటారు. దానివల్ల ఏమీ ఆగదు.

మా రంగుల పనిలోనూ ఇదే. పాత పెయింటు గ్రైండర్‌తో లేపేటప్పుడు వచ్చే పసుపు, ఎరుపు దుమ్ము మంచిది కాదు. ఇళ్లకి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) దాటకూడదని రూలు 2017 నుంచి ఉంది. కానీ మేం గీకేది అంతకుముందు వేసిన రంగుల్ని. అది ఎవరికీ పట్టదు.

మా షెడ్డులో నలుగురికి షుగర్ ఉంది. ఈ టాపిక్ చదివాక ఒక్కరం కూడా సీసం పరీక్ష చేయించుకోలేదని గుర్తొచ్చింది.

లలిత_సత్యనారాయణపురం
షెడ్డుల సంగతి సరే, మా ఆడవాళ్ల సంగతి కూడా ఎవరైనా చెప్పండి. నాకు షుగర్ ఉంది, బరువూ ఎక్కువే. నేను ఇల్లు దాటి ఏ పనికీ వెళ్లను. నాకు లోహాలు ఎక్కడినుంచి వస్తాయి?

గుంటూరు_ఫార్మసిస్ట్
లలిత గారూ, వంటింట్లోంచే రావచ్చండి. ఇత్తడి గిన్నెలకు కళాయి పోయిస్తాం కదా. తగరంలో చవకగా ఉంటుందని సీసం కలిపితే, అందులో పప్పుచారు, పులుసు కాచినప్పుడు చింతపండు పులుపుకి అది దిగుతుంది. పాత సామాను కరిగించి పోసిన సత్తు గిన్నెలతోనూ ఇదే గొడవ. పులుపు వంటలకి స్టీలు వాడండి. ఇంకోటి, సిందూరం. ఎర్రటి సీసపు రంగుతో చేసినవి ఉన్నాయి. కొట్టులో విడిగా పొట్లం కట్టి ఇచ్చేవాటితో జాగ్రత్త.

అన్నిటికన్నా నాకు భయం షుగర్‌కి వాడే నాటుమందులంటే. మా షాపుకి వచ్చేవాళ్లలో చాలామంది ఇంగ్లీషు మందు మానేసి ఏదో భస్మం వాడుతున్నామని చెబుతారు. ఆయుర్వేదాన్ని నేను తక్కువ చేయట్లేదు, మా నాన్నగారు త్రిఫల చూర్ణం జీవితాంతం వాడారు. కానీ లోహాలతో మందులు చేసే ఆయుర్వేద శాఖ రసశాస్త్రంలో నాగభస్మం అంటే సీసమే. ఇంటర్నెట్‌లో అమ్మే ఆయుర్వేద మందుల్ని 2008లో అమెరికాలో పరీక్షిస్తే ఐదింట ఒకదాంట్లో సీసం, పాదరసం లేదా ఆర్సెనిక్ బయటపడింది. లేబుల్ లేని మాత్ర, డబ్బా మీద కంపెనీ పేరు లేని పొడి షుగర్ ఉన్నవాళ్లు అసలు ముట్టుకోకండి. షుగర్ తగ్గించుకుందామని వేసుకున్న మందే గుండెను తినేస్తే ఎంత అన్యాయం!

తెనాలి_సుజాత
మా మామయ్య అలాంటి నల్లటి గుళికలు రెండేళ్లు వాడారు. కడుపునొప్పి, మలబద్ధకం, రక్తం బాగా తగ్గిపోయింది. అన్ని స్కానింగులూ అయ్యాక ఎవరో సీసం చూశారు. గుళికలు మానేశాకే మనిషి కోలుకున్నారు.

దుగ్గిరాల_పసుపు
మాది పసుపు వ్యాపారం. ఈ చర్చలో పసుపు మాట ఎవరో ఒకరు ఎత్తుతారని తెలుసు, అందుకే నేనే చెప్తున్నా. కొమ్ములు ఉడకబెట్టి, ఎండబెట్టి, డ్రమ్ములో పాలిష్ పడతారు. రంగు తక్కువున్న సరుకుకి మెరుపు రావాలని కొన్నిచోట్ల ఆ డ్రమ్ములో లెడ్ క్రోమేట్ పొడి చల్లుతారు. అది సీసం, క్రోమియం కలిసిన రంగు. తింటే ఆ రెండూ ఒంట్లోకి పోతాయి. బంగ్లాదేశ్‌లో 2019లో చూస్తే బజారులోని పసుపు నమూనాల్లో 47 శాతంలో సీసం ఉంది. అక్కడి ప్రభుత్వం వర్తకుల మీద కేసులు పెట్టి, ఊరూరా చెప్పించి, 2021కల్లా సున్నాకి తెచ్చింది. ఇది జరిగే పనే. మన దగ్గర పసుపులో సీసం 10 పీపీఎం దాటకూడదని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన.

కొనేవాళ్లకి నా మాట. మరీ మిలమిల మెరిసే కొమ్ములు వద్దు. పాలిష్ పట్టని కొమ్ములు, పైన ముడతలుండి మట్టి రంగులో ఉన్నవి, తీసుకుని కడిగి ఎండబెట్టి మర పట్టించుకోండి. ఇంట్లో నీళ్ల గ్లాసులో వేసి చూసే పరీక్షతో సీసం లేదని నిర్ధారణ కాదు, ల్యాబ్‌కే వెళ్లాలి. మా రైతు కష్టం మీద మచ్చ పడకుండా ఉండాలంటే ఈ రంగు చల్లేవాళ్లని మేమే బయటపెట్టాలి. నేను యార్డులో ఈ మాట అంటూనే ఉన్నా.

లెక్కల_మాస్టారు
ఫిజీషియన్ గారి వివరణకు ధన్యవాదాలు. తోడుదొంగ అన్న మాట ఒప్పుకుంటున్నాను. మరి కాడ్మియం ఎక్కడినుంచి వస్తుంది? దాని గురించి పత్రికల్లో పెద్దగా కనబడదు.

రిటైర్డ్_ఫిజీషియన్
మన జిల్లా మనిషి అడగాల్సిన ప్రశ్నే ఇది. పొగాకు. మొక్క నేలలోని కాడ్మియంను పీల్చుకుని ఆకులో దాచుకుంటుంది. ఫాస్ఫేట్ ఎరువుల ద్వారా కూడా కొంత నేలలో చేరుతుంది. చుట్ట, బీడీ, సిగరెట్ ఏది కాల్చినా పొగతో ఊపిరితిత్తుల్లోకి, అక్కడినుంచి కిడ్నీలోకి. పొగతాగేవాళ్ల ఒంట్లో కాడ్మియం తాగనివాళ్లకి దాదాపు రెట్టింపు ఉంటుంది. టొబాకో బోర్డు 1976 నుంచి గుంటూరులోనే ఉంది, ఈ పంట మీద బతికిన కుటుంబాలు మనలో ఎన్నో. పంటను నిందించడం నా ఉద్దేశం కాదు. కానీ కాలి రక్తనాళాలు మూసుకుపోయే జబ్బుకు కాడ్మియంతో గట్టి సంబంధం కనబడింది. షుగర్ ఉన్నవాళ్లు కాళ్లు పోగొట్టుకోవడానికి ఆ జబ్బు ఒక పెద్ద కారణం. షుగర్ పేషెంటు బీడీ మానడం అంటే నికోటిన్ ఒక్కటే మానడం కాదు.

ఇనుము తక్కువగా ఉన్నవాళ్లు కాడ్మియంనూ, సీసాన్నీ ఎక్కువగా పీల్చుకుంటారు. రక్తహీనత ఉన్న ఆడవాళ్లు మన దగ్గర ఎంతమందో మీకు తెలుసు. లలిత గారూ, హిమోగ్లోబిన్ చూపించుకోండి. కాల్షియం సరిపడా తినండి. సీసం కాల్షియం వేషం వేసుకుని ఎముకలోకి దూరి, దశాబ్దాలు అక్కడే ఉంటుంది. నెలసరి ఆగాక ఎముకలు అరిగేటప్పుడు మళ్లీ రక్తంలోకి వస్తుంది.

కృష్ణలంక_రవి
అందరికీ చాలా థాంక్స్. డాక్టర్ గారూ, కీలేషన్ సంగతి మీరు ఒక్కమాట చెప్పండి. ఆ క్లినిక్ వాళ్లు అమెరికాలో పెద్ద పరీక్షలో రుజువైందని కాగితాలు చూపిస్తున్నారు. షుగర్ ఉన్నవాళ్లకి ఇంకా బాగా పనిచేస్తుందట.

రిటైర్డ్_ఫిజీషియన్
వాళ్లు చూపిస్తున్నది సగం కథ. నేను మొత్తం చెబుతాను, అక్కగారికి చదివి వినిపించండి.

టాక్ట్ అనే పరీక్ష ఫలితాలు 2013లో వచ్చాయి. గుండెపోటు వచ్చిన 1,708 మందిలో సుమారు సగం మందికి ఈడీటీఏ అనే కీలేషన్ మందు డ్రిప్పు ద్వారా నలభై సార్లు ఇచ్చి చూశారు, మిగతావాళ్లకి మందు లేని సెలైన్. మందు తీసుకున్నవాళ్లలో మళ్లీ గుండె సమస్యలు 18 శాతం తగ్గాయి. అందులో షుగర్ ఉన్న 633 మందిని విడిగా చూస్తే తగ్గుదల 41 శాతం. వైద్యలోకం ఉలిక్కిపడింది. నేను కూడా ఆశపడ్డాను, దాపరికం లేదు. అందుకని ఈసారి షుగర్, గుండెపోటు రెండూ ఉన్న సుమారు వెయ్యి మందితోనే టాక్ట్-2 చేశారు. 2024 ఆగస్టులో ఫలితం వచ్చింది. మందు తీసుకున్నవాళ్లలో 35.6 శాతం మందికి మళ్లీ గుండె సమస్యలు, సెలైన్ తీసుకున్నవాళ్లలో 35.7 శాతం. తేడా లేదు. రక్తంలో సీసం 61 శాతం తగ్గింది. అయినా గుండెకు ఒరిగింది లేదు.

దీన్నిబట్టి లోహాలు గుండెను ఏమీ చేయవని అనకండి. ఆ పరీక్షలో చేరినవాళ్ల సీసం మొదటే చాలా తక్కువ, సగం మందికి పైగా డెసిలీటరుకు ఒక మైక్రోగ్రాము లోపే. ఏళ్ల తరబడి జరిగిన నష్టాన్ని డ్రిప్పులతో వెనక్కి తిప్పలేకపోయి ఉండొచ్చు. కానీ పూడికలు కరుగుతాయని డబ్బు తీసుకోవడానికి ఆధారం లేదు. ఈడీటీఏలో తప్పుడు రకం ఎక్కిస్తే రక్తంలో కాల్షియం పడిపోయి ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి.

మీ బావగారి 22 గురించి. ఐదు, అంతకు మించి ఉంటే ఎక్కడినుంచి వస్తోందో వెతికి ఆపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. ఈ స్థాయికి మొదటి వైద్యం అదే. పని ఆగితే రక్తంలో సీసం సగం తగ్గడానికి నెల, నెలన్నర చాలు. ఎముకలోది నెమ్మదిగా వస్తూనే ఉంటుంది కాబట్టి పూర్తిగా దిగడానికి కాలం పడుతుంది. స్టాటిన్ (కొలెస్ట్రాల్ మాత్ర), రక్తం పల్చబడే మాత్రలు, షుగర్ మందులు ఒక్కపూట కూడా ఆపొద్దు. కిడ్నీల పనితీరు తెలిసేలా క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ చూపించండి. ఆ క్లినిక్ వాళ్లు ముందు ఒక మందు ఇచ్చి తర్వాత మూత్రం పట్టి లోహాలు చూస్తామంటే ఒప్పుకోకండి. అలా చేస్తే ఎవరికైనా అంకె పెద్దదే వస్తుంది. వెంట్రుకల పరీక్ష కూడా వద్దు. నమ్మకమైన ల్యాబ్‌లో, లోహాలకు ప్రత్యేకించిన ట్యూబులో తీసిన రక్తం ఒక్కటే లెక్క.

లలిత_సత్యనారాయణపురం
రవి బాబూ, అక్కకి నా మాటగా చెప్పు. ఆ డబ్బుతో నాలుగైదు నెలలు ఇల్లు గడుస్తుంది. ఈలోపు ఆయన ఆ షెడ్డు మారొచ్చు.

ఆటోనగర్_పెయింటర్
లలితక్క చెప్పింది నిజం. రవన్నా, మా ఓనర్ విడిభాగాల కొట్టు కూడా నడుపుతున్నారు, కౌంటర్‌లో నమ్మకమైన మనిషి కావాలంటున్నారు. జీతం కాస్త తక్కువ. బావగారిని ఒకసారి రమ్మనండి, నేను మాట్లాడతా. మారేదాకా మాత్రం ఊడ్చేముందు నీళ్లు చల్లమనండి, ఎన్95 మాస్క్ పెట్టుకోమనండి, అన్నం షెడ్డు బయట సబ్బుతో చేతులు కడిగాకే తినమనండి. ఆ బట్టలతో ఇంటికి వెళ్లొద్దు.

రిటైర్డ్_ఫిజీషియన్
బట్టల మాట బాగా గుర్తుచేశారు. రవి గారూ, వాళ్లింట్లో చిన్నపిల్లలు ఉన్నారా?

కృష్ణలంక_రవి
ఉన్నారండీ. పెద్దమ్మాయి పురిటికి వచ్చింది, మూడేళ్ల బాబు కూడా తనతో ఉన్నాడు. బావగారు పని నుంచి రాగానే వాడు మీద పడిపోతాడు. బట్టలు కూడా అందరివీ కలిపే ఉతుకుతారు.

రిటైర్డ్_ఫిజీషియన్
బాబుకీ, అమ్మాయికీ ఇద్దరికీ ఈ వారమే సీసం పరీక్ష చేయించండి. కడుపులో ఉన్న బిడ్డకి కూడా తల్లి రక్తం నుంచి సీసం చేరుతుంది, కాబట్టి పురుడు పోసే డాక్టరుకు తప్పకుండా చెప్పండి. పిల్లల మెదడు మీద ఇది పెద్దవాళ్ల గుండె మీదకన్నా తొందరగా పనిచేస్తుంది. ఇవాళ్టి నుంచే ఆయన బట్టలు విడిగా, షెడ్డులోనే మార్చుకుని రావాలి. చెప్పులు గుమ్మం బయటే. గచ్చు తడిగుడ్డతో తుడవండి, ఊడవొద్దు.

కృష్ణలంక_రవి
అక్కకి మొత్తం చదివి వినిపించాను. క్లినిక్‌కి ఫోన్ చేసి రామని చెప్పేసింది. పెయింటర్ అన్నా, ఎల్లుండి ఉదయం బావగారిని తీసుకుని మీ దగ్గరికి వస్తాను. అమ్మాయికీ బాబుకీ రేపు పొద్దున్నే రక్తం ఇప్పిస్తున్నాం. రిపోర్టు రాగానే ఇక్కడే పెడతాను. డాక్టర్ గారూ, ఒక్కసారి చూసి చెప్పండి.

రిటైర్డ్_ఫిజీషియన్
పెట్టండి, చూస్తాను. బావగారి క్రియాటినిన్ కూడా జత చేయండి.